అమ్మాయి బిల్లుల దగ్గరే ఆగిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చేసి, ఏడాదిన్నరగా ఒక నిర్మాణ సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తోంది. అకౌంట్లు, ప్రాజెక్టు పనులు ఒకేచోట చూసుకునే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కడ ఉంది. రోజంతా అందులో బిల్లులు ఎక్కించడమే తన పని. ఇలాగే ఉంటే ఎదుగుదల ఏముంటుందని నా భయం. ప్రాజెక్టు షెడ్యూళ్లు వేసే ప్రైమవెరా సాఫ్ట్‌వేర్ నేర్పించమని కొందరు, ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ తెచ్చుకోమని కొందరు అంటున్నారు. ఇవన్నీ ఏఐ మింగేస్తుంది, డేటా సైన్స్‌కు మార్చేయమని మా బంధువు ఒకరు చెప్పి, ఒక శిక్షణ సంస్థలో మాట్లాడి పెట్టారు. ఫీజు కట్టడానికి వచ్చే వారమే ఆఖరు. అమ్మాయి మాత్రం ఇక్కడే ఉంటానంటోంది. అకౌంటింగ్ వైపు మంచిదా, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ వైపు మంచిదా పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో మూడు కోర్సుల పేర్లు పొల్లుపోకుండా రాశారు. మీ అమ్మాయి పని గురించి మాత్రం ఒకే ఒక్క మాట: ‘బిల్లులు ఎక్కించడం’. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సుల పేర్లు రెండు మూడేళ్లకోసారి మారతాయి, అడుగున ఉన్న దిగులు మారదు. చదివించాం, ఉద్యోగం వచ్చింది, తీరా చూస్తే బిడ్డ కంప్యూటర్ ముందు కూర్చున్న గుమస్తాగా మిగిలిపోతుందేమో అన్నదే ఆ దిగులు. పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. కానీ మీ దిగులు పోలికతో తీరేది కాదు.

నిర్మాణ సంస్థలో ఒక బిల్లు ఎక్కించడమంటే ఏమిటో చూడండి. కాంక్రీటు బిల్లు వచ్చింది. మామూలు వ్యాపారంలో అయితే కొనుగోళ్ల కింద రాసి పక్కన పెట్టేయవచ్చు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ అంత తేలిగ్గా వదలదు. ఏ ప్రాజెక్టుకు? అందులో పునాదికా, శ్లాబుకా, ప్రహరీకా? ఏ కొనుగోలు ఆర్డరు మీద వచ్చింది? ఆర్డరులో రాసుకున్న ధరే బిల్లులోనూ ఉందా? సబ్ కాంట్రాక్టరు బిల్లయితే రిటెన్షన్ కింద, అంటే పని సరిగ్గా పూర్తయ్యేదాకా చెల్లించకుండా అట్టిపెట్టే సొమ్ముగా, ఎంత ఆపాలి? ఇన్నింటికీ జవాబు ఉంటేగానీ ఆ బిల్లు ముందుకు కదలదు. పునాది ఖర్చు పొరపాటున శ్లాబు మీద పడిందనుకోండి. మొత్తం మారదు కాబట్టి ఎవరూ గమనించరు. ఆరు నెలల తర్వాత ఆ పాత లెక్కలు చూసుకుని కొత్త టెండరు వేసేటప్పుడు పునాదికి తక్కువ ధర రాస్తారు. పని దొరుకుతుంది, నష్టం కూడా దానితోపాటే వస్తుంది. ఆ నష్టానికి బీజం పడింది మీరు ‘ఎక్కించడం’ అంటున్న చోటే.

కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడు అచ్చం ఇదే గోడుతో నా దగ్గరకు వచ్చాడు. ఏ ఖర్చు ఏ పనిదో గుర్తించడానికి వేసే కోడ్‌లు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో కొన్ని వందలు ఉన్నాయట. అన్ని ఉన్నా నెల ఖర్చులో పెద్ద భాగం వెళ్లి ‘ఇతరములు’ అనే కోడ్‌లోనే పడుతోంది. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. తెలుసుకుని రమ్మన్నాను. సరుకు దిగినప్పుడు సైటులో సంతకం చేసే చలానా మీద ఏ పనికో రాసేవారు లేరు. ఆఫీసులో కూర్చున్నవారికి ఊహించే ఓపిక లేదు. అంతే కారణం. అతను మూడు నెలల ఎంట్రీలు ముందేసుకుని, రెండు శనివారాలు సైటుకు వెళ్లి, ‘మీరు నిజంగా విడిగా చూడాలనుకునే ఖర్చులేవి?’ అని సైటు ఇంజినీరును అడిగాడు. వందల కోడ్‌లలో పనికొచ్చేవి అరవై దాకా తేలాయి. ఆ అరవై చలానా పుస్తకం అట్ట లోపల అంటించి వచ్చాడు. అతను నేర్చుకున్న కోర్సు ఏదీ లేదు. ఇప్పుడు ఆ సంస్థలో ఖర్చుల అదుపు అతని చేతిలోనే ఉంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను సంస్థలు డబ్బు పోసి కొంటాయి. తర్వాత దానితో బిల్లులు, జీతాలు, బ్యాంకు లెక్కలు మాత్రం చేయించుకుని మిగతాదంతా మూతపెట్టి ఉంచుతాయి. ఆర్డర్లు ఫోనులో చెప్పేస్తారు, సరుకు వచ్చాక, బిల్లు వచ్చాక ఆర్డరు సృష్టిస్తారు. దీనివల్ల పోయేదేమిటో చెబుతాను. ఇనుముకు బడ్జెట్ 100 అనుకోండి. ఇప్పటికి వచ్చిన బిల్లులు 60. రిపోర్టు చూసిన మేనేజరు ఇంకా 40 ఉందనుకుంటాడు. కానీ ఫోనులో ఇచ్చేసిన ఆర్డరు మరో 45కు ఉంది. లెక్కల్లో 40 మిగులు, వాస్తవంలో 5 లోటు. ఆర్డరు ఇచ్చిన రోజే సాఫ్ట్‌వేర్‌లో పడితే ‘మాట ఇచ్చిన ఖర్చు’ విడి గడిలో కనిపిస్తుంది, లోటు బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ లోపం కాదిది. దాన్ని ఆ పనికి వాడేవారే లేరు.

అసలు సంగతంతా నెలాఖరులో తీసే ‘జరుగుతున్న పనుల పట్టిక’లో ఉంటుంది. ఏ ప్రాజెక్టులో పని ఎంత అయింది, బిల్లు ఎంతకు పంపారు అన్నది చూపేది అదే. కాంట్రాక్టు విలువ 1,000, మొత్తం ఖర్చు అంచనా 800 అనుకుందాం. ఇప్పటికి 400 ఖర్చయింది. ఖర్చును బట్టి చూస్తే పని సగం అయింది, సంపాదించినది 1,000లో సగం, అంటే 500. పని ఇచ్చినవారికి మాత్రం 600కు బిల్లు పంపి, డబ్బు కూడా తెచ్చుకున్నారు. బ్యాంకులో డబ్బు కళకళలాడుతుంటే అందరూ సంతోషంగా ఉంటారు. ఆ అదనపు 100 లాభం కాదు, ఇంకా చేయని పనికి ముందే పుచ్చుకున్న బాకీ. ఇంతలో సైటు ఇంజినీరు వచ్చి, పునాదిలో రాయి తగిలింది, మొత్తం ఖర్చు 900 అవుతుందన్నాడు. 400ను 900తో భాగించండి. పని 44 శాతమే అయింది, సంపాదించినది 444, బాకీ 156. అనుకున్న 200 లాభం 100కు పడిపోయింది. ఒక్క కొత్త బిల్లు కూడా రాకుండానే ఇదంతా జరిగింది! ఆ 900 అనే అంకె ఏ బిల్లులోనూ ఉండదు. ఎవరో ఒకరు వెళ్లి అడిగి తేవాలి. నెల నెలా ఆ ప్రశ్న అడిగే మనిషికి గుమస్తా అనే పేరు ఎక్కువ కాలం నిలవదు.

దీన్నే ఇంకొంచెం లోతుగా చూడాలంటే లిఫ్టుల సంగతి ఉంది. ఐఎఫ్ఆర్ఎస్ 15 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దానికి జతచేసిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా ఇదే. ఖరీదైన లిఫ్టులు సైటుకు వచ్చాయి, ఇంకా బిగించలేదు. ఖర్చును బట్టి పని శాతం లెక్కగడితే, ఎవరూ చెయ్యి వేయకుండానే పని ఒక్కసారిగా ముందుకు దూకినట్లు కనిపిస్తుంది. అందుకే ఆ ఖర్చును పని శాతం లెక్కలోంచి పక్కన పెట్టాలని ఆ ఉదాహరణ చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌కు లిఫ్టు బిగించారో లేదో తెలియదు. మీ అమ్మాయి ఒక ఫోను చేస్తే తెలుస్తుంది. కామర్స్ చదువు ఎక్కడ పనికొస్తుందని ఆమె ఎప్పుడైనా అనుమానపడితే ఈ ఉదాహరణ చదివించండి.

ఇక మీ బంధువు చెప్పిన దారి. డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, లెక్కల్లో ఆసక్తి ఉండి ఇష్టంతో వెళ్లినవారు బాగానే ఉన్నారు. కానీ ఆ కోర్సు పూర్తి చేసి, ఏ పరిశ్రమా తెలియక, ‘సార్, ఏదైనా ఒక రంగం పట్టుకోమంటున్నారు, ఏది పట్టుకోమంటారు?’ అని నా దగ్గరకు వచ్చేవారు తక్కువ మంది కాదు. వాళ్లు వెతుక్కుంటున్న రంగంలో మీ అమ్మాయి ఏడాదిన్నరగా కూర్చుని ఉంది. ఆమెను అక్కడి నుంచి లేపి, ఫీజు కట్టి, మళ్లీ రంగం వెతుక్కునే వరుసలో నిలబెడతానంటున్నారు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ‘ఏఐ మింగేస్తుంది’ అన్న మాట తప్ప మీ ఉత్తరంలో వేరే కారణం కనిపించలేదు.

ఏఐ భయం పూర్తిగా ఉత్తది అని మాత్రం అనను. కాగితం మీది బిల్లు చదివి, నంబరు, తేదీ, మొత్తం గడుల్లో నింపే పనిని యంత్రం ఇప్పటికే చేస్తోంది, ఇంకా బాగా చేస్తుంది. మీ అమ్మాయి పని అంతవరకే అయితే మీ భయం సరైనదే. అయితే అదే యంత్రం ఏ కోడ్ వేయాలో పాత ఎంట్రీలు చూసి నేర్చుకుంటుంది. పాత ఎంట్రీలన్నీ ‘ఇతరములు’లో ఉంటే, అదీ ఎంతో వినయంగా కొత్త బిల్లులను ‘ఇతరములు’లోనే వేస్తుంది. నిన్న వచ్చిన కాంక్రీటు లారీ శ్లాబుకు వెళ్లిందో ప్రహరీకి వెళ్లిందో దానికి చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

పీఎంపీ సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నా, 36 నెలలు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం చూపించాలని ఆ సర్టిఫికెట్ ఇచ్చే పీఎంఐ నిబంధన. ఏడాదిన్నర అకౌంట్స్ అనుభవంతో ఆ తలుపు తెరుచుకోదు. మీకు సలహా ఇచ్చినవారు ఈ ఒక్క ముక్క చెప్పారా?

ప్రైమవెరా మంచి పనిముట్టు. ఏ పని తర్వాత ఏ పని, ఏది ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుంది అన్న లెక్క దాని గుండెకాయ. ఆ పద్ధతి పుట్టింది 1950ల చివర్లో, డ్యూపాంట్ రసాయన కర్మాగారాల పనుల్లో. అప్పుడూ ఇప్పుడూ దానికి కావలసింది పనుల వరుస తెలిసిన బుర్ర. సైటు తెలియని వ్యక్తి అది నేర్చుకుంటే రంగురంగుల గీతలు గీయడం వస్తుంది, అంతకుమించి రాదు. మీ అమ్మాయికి షెడ్యూలు గీయడం అక్కర్లేదు, చదవడం వస్తే చాలు. ఆఫీసులో ప్లానింగ్ చూసేవారి పక్కన కొన్ని సాయంత్రాలు కూర్చుంటే అది వచ్చేస్తుంది.

మీరడిగిన పోలిక: అకౌంటింగ్ వైపు ఎదుగుదల నిదానంగా, గట్టిగా ఉంటుంది. ప్రాజెక్టు వైపు ఇంజినీర్లతో పోటీ ఉంటుంది. రెండింటి మధ్య ఉన్న ఖాళీలో పోటీ తక్కువ, అవసరం ఎక్కువ. అకౌంట్స్ వారికి సైటు భాష రాదు, సైటు వారికి లెడ్జరు భాష రాదు. రెండు భాషలూ కొంచెం కొంచెం వచ్చిన మనిషి ఆ ఖాళీలో కూర్చోవాలి. మీ అమ్మాయిని నేను అక్కడే చూస్తున్నాను.

అమ్మాయికి రెండు మాటలు. అమ్మా, మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌ను నమ్మక పక్కన విడిగా నడుపుతున్న ఎక్సెల్ ఫైళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ప్రతి ఫైలూ ఒక ఫిర్యాదే. సబ్ కాంట్రాక్టర్ల రిటెన్షన్ ఫైలు ఒకటి ఉందంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగాన్ని ఎవరూ సరిగ్గా అమర్చలేదని అర్థం. అలాంటి ఒక్క ఫైలు ఎంచుకుని, దాని పని సాఫ్ట్‌వేర్ చేయగలదేమో చూడు. అసలు లెక్కల మీద ప్రయోగాలు చేయవద్దు, సాధన కోసం నకలు డేటాబేస్ ఉంటుందేమో అడుగు. సబ్ కాంట్రాక్టరు బిల్లులో బడ్జెట్‌లో లేని పని ఏదైనా కనిపిస్తే ఊరికే కోడ్ వేసి పంపకు. పని ఇచ్చినవారు నోటిమాటగా గోడ జరపమని ఉంటారు, సైటులో జరిపేసి ఉంటారు, అదనపు పనికి కాగితం పుట్టి ఉండదు. మూడు నెలలు దాటితే ఆ డబ్బు అడగడానికి ఎవరికీ నోరు రాదు. కాగితాల్లో దాన్ని మొదట చూసేది నువ్వే.

అయ్యా, మీకూ ఒకటి చెప్పాలి, కటువుగా అనిపిస్తే మన్నించండి. ‘అమ్మాయి మాత్రం ఇక్కడే ఉంటానంటోంది’ అని రాశారు, ఎందుకు ఉంటానంటోందో రాయలేదు. అడగలేదనుకుంటాను. బంధువు మాటకు శిక్షణ సంస్థ దాకా వెళ్లారు, కన్న బిడ్డ మాటకు పక్క గది దాకా వెళ్లలేకపోయారా? ఏడాదిన్నర ఒకచోట విసుగు లేకుండా పనిచేసిన మనిషికి ఆ పనిలో ఏదో కనిపించి ఉంటుంది. అది బద్ధకం అయ్యే అవకాశం ఉంది, కాదనను. అడిగితే పది నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది.

భయపడాల్సిన గుర్తులు కూడా చెబుతాను. మరో ఏడాది తర్వాత కూడా ఆమెను సైటుకు వెళ్లనివ్వకపోతే, రిపోర్టులు చూసే అనుమతి ఇవ్వకపోతే, ప్రశ్న అడిగితే ‘నీ పని నువ్వు చూసుకో’ అంటే అప్పుడు సంస్థ మార్చమనండి, రంగం కాదు. ఇదే అనుభవంతో మరో నిర్మాణ సంస్థలో ఇంకొంచెం మంచి కుర్చీ దొరుకుతుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఏడాదిన్నర బిల్లులు ఎక్కించినందుకు ఎవరి జీవితమూ ఆగిపోలేదు. నాకు తెలిసిన ఫైనాన్స్ మేనేజర్లలో చాలామంది అక్కడి నుంచే వచ్చారు.

వచ్చే వారం ఫీజు గడువు దాటిపోతే దాటిపోనివ్వండి, అదే కోర్సుకు ఆ పై నెల మళ్లీ ‘ఆఖరు తేదీ’ వస్తుంది. ఈలోగా ఒకరోజు, ఆమె ఎక్కించిన బిల్లుల్లో ఏదో ఒకదాని కథ మొదటి నుంచి చెప్పమనండి. సరుకు ఎవరు అడిగారు, ఎక్కడ దిగింది, ఏ కోడ్ వేసింది, ఎందుకు వేసింది. ఆమె చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబితే, నాకు మరో ఉత్తరం రాయనక్కర్లేదు.