చివరి టేబుల్ దగ్గర ఎవరి మీద దూకుడు చూపాలి?

పోకర్ టోర్నమెంట్లో బహుమతుల దగ్గరిదాకా వస్తున్నాను, అక్కడ మంచి ముక్కల కోసం ఎదురుచూసేలోపే చిప్స్ కరిగిపోతున్నాయి, చివర్లో దూకుడుగా ఆడమంటారు, అదెలా అని అడిగారు. రైజ్ చేయడంలో (పందెం పెంచడంలో) దూకుడు పెంచండి, కాల్ చేయడంలో (ఎదుటివాడి పందేనికి సరిపడా పెట్టడంలో) బాగా తగ్గించండి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే మన గోదావరి జిల్లాల వాళ్లం చాలామంది ఆఖర్లో దెబ్బతింటాం.

మనవాళ్లు అని ఎందుకంటున్నానంటే, మనం మూడు ముక్కలాట, రమ్మీ చూస్తూ పెరిగాం. మూడు ముక్కల్లో ఎదుటివాడి దగ్గర ఏముందో తెలుసుకోవాలని డబ్బు కట్టి షో అడుగుతాం. ఆ కుతూహలమే పోకర్లో మన చేత కాల్ చేయిస్తుంది. కాల్ చేసినవాడు గెలవాలంటే అతని ముక్కలే పెద్దవై ఉండాలి. రైజ్ చేసినవాడు అలా గెలవచ్చు, ఎదుటివాళ్లు వదిలేసినా గెలవచ్చు.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి పోకర్ ఆడటాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. కాబట్టి మేం సంక్రాంతికి ఇంట్లోనే ప్లాస్టిక్ చిప్స్‌తో ఆడతాం. ఎంట్రీ ఫీజు ఉండదు. మా పెదనాన్నగారు ఆత్రేయపురం నుంచి 10 పెట్టెల పూతరేకులు తెప్పిస్తారు. మొదటి స్థానానికి 5, రెండోదానికి 3, మూడోదానికి 2.

నలుగురు మిగిలారు, అందరి దగ్గరా చిప్స్ సమానం అనుకోండి. ఒక్కొక్కరి వాటా విలువ రెండున్నర పెట్టెలు. ఒకరు ఆలిన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అన్నారు, మీరు కాల్ చేసి గెలిచారు. చిప్స్ రెట్టింపయ్యాయి కదా, వాటా 5 పెట్టెలయిందా? కాలేదు. ఐసీఎం (చిప్స్‌ని బహుమతుల వాటాగా మార్చే పద్ధతి) లెక్క వేస్తే 3.83 పెట్టెలే. మిగతాది ఫోల్డ్ చేసి (ముక్కలు పడేసి) ఊరికే కూర్చున్న ఇద్దరికీ పోయింది! అంటే ఓడితే పోయేది 2.5, గెలిస్తే వచ్చేది 1.33. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టే తప్పనిసరి పందేలు) సంగతి పక్కన పెడితే, ఆ కాల్ గిట్టుబాటు కావాలంటే నూటికి 65 సార్లకు పైగా గెలవాలి. ఎదుటివాడు ముక్కలు చూడకుండా ఆలిన్ అన్నాడని మీకు కచ్చితంగా తెలిసినా, ఆర్ల జత అతని మీద గెలిచేది నూటికి 63 సార్లే.

ఇప్పుడు అవతలి కుర్చీలోంచి చూడండి. కాల్ చేయడం మీకు ఎంత కష్టమో, మీరు రైజ్ చేసినప్పుడు వాళ్లకూ అంతే కష్టం. చివరి దశలో దూకుడు పనిచేసేది అందుకే. స్మాల్ బ్లైండ్ 1000, బిగ్ బ్లైండ్ 2000, యాంటీ (బ్లైండ్స్ కాక కట్టే మరో తప్పనిసరి పందెం) టేబుల్ మొత్తానికి 2000 ఉంటే ఎవరూ ఏమీ అనకముందే మధ్యలో 5000 ఉంటాయి. బటన్ మీద (డీలర్ స్థానంలో, బ్లైండ్స్ కట్టేవాళ్లకు సరిగ్గా ముందు కుర్చీలో) కూర్చుని మీరు 4400కి రైజ్ చేస్తే, బ్లైండ్స్‌లో ఉన్న ఇద్దరూ కలిసి వదిలేయడం నూటికి 47 సార్లు జరిగినా నష్టం లేదు. మీ దగ్గర 50 వేలు ఉంటే అలా అందరూ వదిలేసిన ఒక్క దొంగతనంతో మీ స్టాక్ (చిప్స్ మొత్తం) పదో వంతు పెరుగుతుంది. చేతులు ముడుచుకుని కూర్చుంటే ప్రతి రౌండుకీ అంతే పోతుంది. మీ చిప్స్ కరిగిపోతున్నది ఇక్కడేనండి.

అయితే అందరి మీదా ఇది పారదు. 101 రమ్మీలో 85 పాయింట్ల దగ్గర ఉన్నవాడు డ్రాప్ చేయలేడు, ఎలాంటి ముక్కలొచ్చినా కంపల్సరీగా ఆడాల్సిందే. మూడు, నాలుగు బిగ్ బ్లైండ్లే మిగిలిన ఆటగాడూ అంతే. అతను ఎలాగూ కాల్ చేస్తాడు, కాబట్టి అతని మీద బ్లఫ్ వద్దు, నిజంగా మంచి ముక్కలుంటేనే వెళ్లండి. మీకంటే పెద్ద స్టాక్ ఉన్నవాడితోనూ జాగ్రత్త, ఓడినా అతను టేబుల్ మీదే ఉంటాడు, మీరు లేవాలి. మీరు నొక్కాల్సింది మధ్యస్థంగా చిప్స్ ఉన్నవాళ్లని. తమకంటే చిన్న స్టాక్ ఒకటి ఇంకా బతికే ఉందని వాళ్లకు తెలుసు, దానికంటే ముందు పోవడం వాళ్లకు ఇష్టముండదు.

మా మేనత్త కూతురు అమలాపురం నుంచి వస్తుంది. ఈ విషయంలో తనంత బాగా ఆడేవాళ్లని నేను గోవాలో పణజి దగ్గర టోర్నమెంట్లలో కూడా తక్కువే చూశాను. బటన్ తన దగ్గరికి రాగానే తన ముక్కల కంటే ముందు బ్లైండ్స్‌లో ఉన్న ఇద్దరి చిప్స్ చూస్తుంది. మధ్యస్థంగా ఉంటే రైజ్. వాళ్లలో ఎవరైనా తిరిగి ఆలిన్ అంటే, రాణి-జాకీ లాంటి చూడముచ్చటైన ముక్కలున్నా నవ్వుతూ పడేస్తుంది. చాలామందికి ఈ రెండో సగం రాదు. రైజ్ చేశాం కదా, పరువు పోతుందని కాల్ చేసేస్తారు.

మీ స్టాకే పది బిగ్ బ్లైండ్లకు పడిపోతే చిన్న రైజులు మానేయండి. మీకంటే ముందు ఎవరూ పందెం వేయకపోతే ఆలిన్, లేదంటే ఫోల్డ్. నాలుగు బ్లైండ్ల దాకా ఆగితే మీ ఆలిన్‌కు ఎవరూ భయపడరు.

ఇద్దరే మిగిలాక లెక్క మారుతుంది. రెండో బహుమతి ఎలాగూ ఖాయం కాబట్టి అక్కడ ప్రతి చిప్‌కీ సమాన విలువే, ఐసీఎం భయం ఉండదు. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్లో క్రిస్ మనీమేకర్, శామ్ ఫర్హా మిగిలారు. మొదటి బహుమతి 25 లక్షల డాలర్లు, రెండోది 13 లక్షలు. ఒక పంపకంలో మనీమేకర్ ఎదురుచూసిన ముక్కలేవీ పడలేదు, చివరికి రాజు తప్ప ఏమీ మిగల్లేదు. అయినా ఆఖరి ముక్క పడ్డాక ఆలిన్ అన్నాడు. తొమ్మిదుల జత ఉన్న ఫర్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. ఫ్లాప్ (టేబుల్ మీద పరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) దగ్గర ఒక్కొక్కరికి జత పడేది సుమారు మూడింట ఒకసారే, అందుకే ముందు కొట్టినవాడికి అంత బలం. హెడ్స్ అప్‌లో (ఇద్దరే ఆడేటప్పుడు) బటన్ మీద ఉన్నవాళ్లే స్మాల్ బ్లైండ్ కడతారు, ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ చివర మాట్లాడేదీ వాళ్లే. ఆ కుర్చీ మీదైనప్పుడు సగానికి పైగా సార్లు రైజ్ చేయడానికి వెనకాడకండి.