బుజ్జికి, బొంత సాఫ్ట్‌వేరు కొనేముందు

కావలి

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

బొంతల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్లంటూ వాట్సాప్‌లో పంపిన పేర్లు చూశాను. "ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పు పెద్దమ్మా" అన్నావు. ఒక్క మాటంటే, ఇప్పుడేదీ కొనొద్దు. ఎందుకు వద్దో ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో కుక్కర్ దించడానికి పోతావు. అందుకే రాస్తున్నా.

ఇంకా ఒక్క బొంతైనా పూర్తి చెయ్యలేదు, అప్పుడే ఎలక్ట్రిక్ క్విల్ట్ 8కి 200 డాలర్ల పైన పెడతానంటున్నావు. ఆలూ లేదు, చూలూ లేదు. అది మంచి సరుకే, కాదనను. అమెరికాలో ఒహాయో రాష్ట్రం వాళ్లది, 1991 నుంచి వాళ్లకిదే పని. ఈ ఎనిమిదోది 2017లో వచ్చింది. ఒకసారి కొంటే నెలనెలా కట్టే పని లేదు. కంప్యూటర్లోనే నడుస్తుంది, నీ ఫోన్లోకి ఎక్కదు, అది గుర్తుపెట్టుకో. అందులో ఆరు వేల పైచిలుకు బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టే చదరపు నమూనాలు, ఉన్నాయని మీ ఆయన మురిసిపోతున్నాడట. ఇన్నేళ్లలో నేను కుట్టినవి పది రకాలు దాటవు. సంక్రాంతికి మన వీధిలోకొచ్చే గంగిరెద్దు మీది బొంత చూడు, చతురస్రాలూ ముక్కోణాలూ తప్ప ఇంకేమైనా ఉన్నాయా? అయినా ఊరంతా దాన్నే చూస్తుంది.

సాఫ్ట్‌వేరు ఎంచేటప్పుడు నేను ముందు చూసేది బ్లాకులు కాదు, బట్ట పన్నా, అంటే తాను వెడల్పు, మార్చుకోనిస్తుందా లేదా అని. నవ్వకు. ఇందులో నేను దెబ్బ తిన్నాను.

మీ అన్న పెళ్లికి 60 ఇంచుల వెడల్పు, 84 ఇంచుల పొడవు బొంత అనుకున్నా. 12 ఇంచుల బ్లాకులు, అడ్డంగా ఐదు, నిలువుగా ఏడు, మొత్తం 35. ఒక్కో బ్లాకులో తొమ్మిది గళ్లు, వాటిలో ఐదు ముదురు ఎరుపు. అంటే ఎరుపు ముక్కలు 175. కుట్టాక నాలుగు ఇంచులు రావాలి కాబట్టి, చుట్టూ పావించు కుట్టులోకి పోతుంది కాబట్టి, ఒక్కోటి నాలుగున్నర కొయ్యాలి. ఎంత బట్ట కావాలని ప్రోగ్రాంని అడిగితే రెండుంపావు మీటర్లు దాటి కాస్త అంది. నేను రెండున్నర తెచ్చా. ఇంటికొచ్చి పరిస్తే చాల్లేదు! ఆ ప్రోగ్రాం 44 ఇంచుల పన్నా అనుకుని అంచులు పోగా 42 లెక్కేసింది, వరసకు తొమ్మిది ముక్కలు. నేను తెచ్చింది 36 పన్నా కేంబ్రిక్. అంచు తీస్తే వరసకు ఏడే వచ్చాయి. 25 వరసలు కావాలి, అంటే దాదాపు రెండు మీటర్ల తొంభై. మళ్లీ కొట్టుకి పోతే అదే ఎరుపు లేదు, ఉన్నది కాస్త నారింజ కొట్టే ఎరుపు. ఆ బొంత ఇప్పటికీ మా మంచం మీదే ఉంది. కాళ్ల వైపు రెండు వరసలు చూస్తే నీకే తెలుస్తుంది. తప్పు ప్రోగ్రాందేం కాదు. పన్నా మార్చే గడి అందులో ఉంది, నేనే చూడలేదు.

అది గజాల్లో చెబితే కంగారు పడకు. గజం 36 ఇంచులు, మీటరు 39 దాటుతుంది. మీటర్లలో కొంటే నీకే కాస్త మిగులు. ముంచేది పన్నా ఒక్కటే.

రెండోది, నీ దగ్గరున్న బట్టల ఫోటోలు ఎక్కించుకోనిస్తుందా. ఈ సాఫ్ట్‌వేర్లలో వచ్చే బట్టలన్నీ విదేశీ కొట్లలోవి. నీకున్నవి అమ్మమ్మ చీరలు, చీరాల నూలు, దర్జీ దగ్గర తెచ్చుకున్న పీలికలు. ఫోటో తీసేటప్పుడు చీరను ఇస్త్రీ చేసి వరండాలో నీడలో పరువు, పొద్దున పూట. ట్యూబులైటు కింద తీస్తే పసుపు రంగు ఆకుపచ్చగా కనబడుతుంది. పక్కన స్టీలు స్కేలు పెట్టి తియ్యి. ఆ ఫోటో నిజంగా ఎన్ని ఇంచులో ప్రోగ్రాంకి చెప్పాలి. చెప్పకపోతే అరించు మామిడి పిందె తెర మీద కొబ్బరికాయంత అవుతుంది, అది చూసి నువ్వు చీరే మార్చేస్తావు. జరీ అంచున్న వెంకటగిరి చీర మాత్రం తెర మీద ఎంత బాగున్నా మొదటి బొంతకు వద్దు. బట్ట చేతిలో నిలవదు, జారుతుంది. ఆ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

ఇక ప్రింటు. కాగితం మీద నమూనా తీసి కోసుకుంటానన్నావు. విదేశీ నమూనాలు చాలావరకు వాళ్ల లెటర్ సైజు కాగితానికి చేసినవి, ఎనిమిదిన్నర ఇంచుల వెడల్పు. మన ఏ4 ఎనిమిదుంపావు. ప్రింటరు "పేజీకి సరిపెడతా" అని నూటికి మూడు వంతులు తగ్గిస్తుంది. కంటికి ఆనదు. ఏడు బ్లాకులు కలిపేసరికి రెండించుల పైన తక్కువొస్తుంది, స్కేలుతో కోసిన అంచు పట్టీ ముడతలు పడుతుంది. కాబట్టి ఎప్పుడూ 100 శాతం పెట్టు. ముందు ఒక ఇంచు గడి ప్రింటు తీసి టేపుతో కొలువు. జిరాక్స్ షాపు అబ్బాయికి కూడా ఈ మాట చెప్పి నిలబడు, వాళ్లు చూడరు.

నెలనెలా కట్టించుకునేవాటిలో ఒకటే అడుగు: కట్టడం మానేస్తే నా డిజైన్లు తెరుచుకుంటాయా? మెషీన్ ఎంబ్రాయిడరీ చేయించేవి వేరే జాతి, వాటి జోలికి పోకు.

మరి ఇప్పుడేం చెయ్యాలంటావా. గ్రాఫు పుస్తకం, పిల్లల రంగు పెన్సిళ్లు తీసుకో. అది చిన్నతనం అనిపిస్తే లిబ్రెఆఫీస్ షీటులో గడులు చతురస్రాలు చేసి రంగులు నింపు, ఉచితమే. గళ్ల బొంతకు అంతకు మించి అక్కర్లేదు, ముక్కోణాలకు మాత్రం పనికిరాదు. ముక్కోణాలకు ఇంక్‌స్కేప్, అదీ ఉచితమే. ఇంచుల్లో కచ్చితంగా గీస్తుంది కానీ బట్ట లెక్క నువ్వే వేసుకోవాలి. రెండు ముక్కోణాలు కలిపి కుట్టాక నాలుగించుల చతురస్రం రావాలంటే, మూల నుంచి మూలకు కోసే చతురస్రం 4 7/8 ఇంచులు ఉండాలని లెక్క. నేను ఐదు కోసి కుట్టాక సరిచేస్తా, నా చూపుకి అదే హాయి. ఇన్‌స్టాల్ గొడవ లేకుండా కావాలంటే ప్రీక్విల్ట్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బు కట్టకుండా చేసి చూడొచ్చు.

ఇలా రెండు బొంతలు కుట్టు. చిన్నవే, ఉయ్యాలలోకి సరిపోయేంత. రెండోది అయ్యేసరికి ఎక్కడ విసుగొస్తుందో నీకే తెలుస్తుంది. రంగులు మార్చి మార్చి చూడటం దగ్గరైతే ప్రీక్విల్ట్ లాంటిది చాలు. లెక్కలు, ప్రింట్ల దగ్గరైతే అప్పుడు కొను ఆ ఎలక్ట్రిక్ క్విల్ట్, సగం డబ్బు నేనిస్తా.

దసరాకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, చార్జరు మర్చిపోకు. ఒంగోల్లో రైలెక్కే ముందు ఫోన్ చెయ్యి, మీ పెదనాన్న స్టేషన్‌కి వస్తారు. అమ్మమ్మ నీలం చీర మాత్రం నేను చూసేదాకా కొయ్యకు. ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టి.

మీ పెద్దమ్మ