ఆవకాయ జాడీలో నాలుగు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 46 ఏళ్లు. మావారి జీతం 48,000, ఇంటి ఖర్చు నెలకు 35,000. అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ఆగస్టులో 90,000 ఫీజు కట్టాలి. 4,00,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప వేరే పొదుపు లేదు. మా అమ్మ ఏటా ఆవకాయ పెట్టి ముప్పై ఇళ్లకు పంచేది. కిందటి కార్తీకంలో కాలం చేసింది. ఆమె కొలతలు రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది. ఈ వేసవిలో 1,000 కిలోలు పెట్టి అమ్మాలనుకుంటున్నాను. సరుకులకు కిలోకు 180 అవుతుంది, 400కు అమ్మితే 220 మిగులుతుంది. డిపాజిట్ తీసేయమంటారా? అమ్మ గాజుల మీద 3,00,000 అప్పు తెచ్చుకోమని అన్నయ్య అంటున్నాడు.

జవాబు: రెండూ వద్దమ్మా. ఆవకాయ మాత్రం పెట్టండి.

ముందు ఆ డిపాజిట్ సంగతి. ఆరు నెలల ఇంటి ఖర్చు 2,10,000 పక్కన ఉండాలి. ఫీజు 90,000. ఇవి పోగా నిజంగా మీ చేతిలో ఉన్నది 1,00,000. అందులో 40,000తో ఈ ఏడాది 150 కిలోలు పెట్టండి. డిపాజిట్ విరగ్గొట్టనక్కర లేకుండా దాని మీదే బ్యాంకు అప్పు ఇస్తుంది. వడ్డీ సాధారణంగా మీ డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. గాజుల అప్పు అలా కాదు. రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 3,000 కట్టాలి. ఆవకాయ సొమ్ము మేలో ఒక్కసారిగా పోతుంది, తిరిగి వచ్చేది మాత్రం సీసా సీసాగా ఏడాది పొడుగునా. ముక్కతో పాటు డబ్బూ జాడీలోనే ఊరుతుంది.

ఇక ఆ 220. మీ అంచనాలో సరుకులు ఉన్నాయి, మనుషులు లేరు. పది కిలోల ముక్కలతో ఒక విడత పెడితే నూనె, కారం, ఆవపిండి, ఉప్పు కలిసి దాదాపు 17 కిలోల పచ్చడి వస్తుంది. కాయలు కడిగి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచి, టెంకతో పాటు కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్లీ తుడిచి, కలిపి, మూడో రోజు తిరగకలిపి, నూనె చాలకపోతే పోసి, సీసాలకు ఎత్తేసరికి ఇద్దరు మనుషులకు కలిపి ఇరవై గంటల పని. గంటకు 60 వేసినా 1,200, అంటే కిలోకు 70. సీసా, మూత, లేబులు 35. పగిలినవి, కారినవి, రుచి చూపించినవి మరో 15. కిలో 300 అయింది. మీకు మిగిలేది 100. గంటకు 60 అనేది కూడా నేను పిసినారితనంగా వేసిన లెక్క. మీ అమ్మగారు ఆ గంటలకు ఎన్నడూ వెల కట్టలేదు కనుక మీకూ కట్టాలని తోచలేదు. ఈ ఉత్తరాలు చదివి చదివి నాకు అర్థమైంది, మన ఇళ్లలో వంట ఖర్చు అంటే అందరూ కిరాణా చీటీ మాత్రమే చూపిస్తారు.

పాతవాళ్లకు ఈసారి 400కే ఇవ్వండి. కొత్తవాళ్లకు 450 చెప్పండి.

ఆ ముప్పై ఇళ్ల గురించి కొంచెం కటువుగా మాట్లాడాలి. వాళ్లు తిన్నది పంచిన ఆవకాయ. కొన్నది కాదు. "మీ అమ్మ ఆవకాయ లేకపోతే మాకు వేసవే కాదు" అన్న పిన్నిగారు 400 అనగానే "చూద్దాంలే" అనవచ్చు. అది ఆమె తప్పు కాదు. అందుకే ఏప్రిల్‌లోనే ఫోన్ చేసి కిలోకు 200 బయానా అడగండి. ఇంటికి రెండున్నర కిలోల చొప్పున ముప్పై ఇళ్లూ ఒప్పుకుంటే 75 కిలోలు, చేతికి 15,000. పది ఇళ్లే ఇస్తే కాయలు కూడా ఆ మేరకే కొనండి. అరువు మాత్రం వద్దు. ఆవకాయ బాకీ అడగడానికి మనకు నోరు రాదు.

ఊరికే ఇవ్వాలనిపించే ఇళ్లు కొన్ని ఉంటాయి. మేనత్త, పక్కింటి పెద్దావిడ, ఆసుపత్రిలో అమ్మ దగ్గర కూర్చున్నవాళ్లు. వారికి పన్నెండు కిలోలు ఇంటి ఖర్చులో పెట్టుకోండి, సీసాతో కలిపి 2,580 అవుతుంది. ఇంటి జాడీ వేరు, అమ్మే జాడీ వేరు. కలిపారంటే సంక్రాంతికి లాభమెంతో మీకే తెలియదు.

పుస్తకం సంగతి. "కారం సోలన్నర, ఆవపిండి సోల" అని ఉంటుంది కదా? సోల కొలిచేది పరిమాణాన్ని, బరువును కాదు. మెత్తగా ఆడించిన కారం ఒక తూకం, దంచినది ఇంకో తూకం. ఆ సోలలోనే కారం పోసి, కాటా మీద పెట్టి, గ్రాములు ఎంతో ఆమె రాసిన వరుస పక్కనే పెన్సిల్‌తో రాయండి. లేదంటే ఒక విడత ఉప్పగా, ఒక విడత చప్పగా వస్తుంది. కొన్నవాళ్లు పంచుకున్నవాళ్లలా సర్దుకోరు.

కాగితాల పని రెండు మాటల్లో. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, చిన్నవాళ్లకు ఫీజు నామమాత్రం. తెనాలి నుంచి హైదరాబాదు వాళ్లకు అమ్మితే అది వేరే రాష్ట్రానికి అమ్మడమే. సరుకు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అందుకని మొదటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లోనే అమ్మండి. అమెరికాలో బంధువులుంటే వాళ్ల మాట తర్వాత చూద్దాం. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో 35 శాతం రాయితీ పెట్టారు కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడినది. రాయితీ కోసం అవసరం లేని యంత్రం కొనకండి. మీకు ఇప్పుడు కావలసింది మంచి కాటా, నాలుగు జాడీలు.

దసరా నాటికి 75 కిలోలు అమ్ముడై, డబ్బు కూడా చేతికి వచ్చి ఉంటే వచ్చే వేసవికి 300 కిలోలకు వెళ్లండి. రాకపోతే మళ్లీ 150. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి.