సిరంజి గీత, వేలి క్లిప్పు, దమ్ము పంపు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాపుకు పొద్దున 20 యూనిట్ల మిక్స్‌డ్ ఇన్సులిన్ రాసిండ్రు. పెన్ను పాడైతే, దాని కార్ట్రిడ్జ్‌లోంచి ఇంట్ల ఉన్న ఎర్రమూత సిరంజితో 20 గీత దాక లాగి ఇచ్చినం. కొన్ని గంటలకే చెమటలు పట్టి వణికిండు. డోసు సరిగనే ఇచ్చినం గదా, ఎందుకట్లయింది?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మీరు ఇచ్చింది 20 యూనిట్లు కాదు, 50. మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో అమ్ముతారు. సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్ను కార్ట్రిడ్జ్‌లో మామూలుగా వచ్చేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఎర్రమూత సిరంజి మీద గీతలు 40 రకానికి లెక్కకట్టి గీసినవి. అందులో 20 గీత అంటే అర మిల్లీలీటరు. 40 రకం మందు అర మిల్లీలీటరు లాగితే 20 యూనిట్లు, 100 రకం లాగితే 50 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు.

దీనికి తలకిందుల పొరపాటు కూడా జరుగుతుంది. 40 రకం మందును, 100 రకానికి గీతలు గీసిన నారింజమూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షుగర్ దిగదు. మందు సరిపోవడం లేదని డోసు పెంచుతారు. ఏదో ఒకరోజు సరైన సిరంజి చేతికి రాగానే, ఆ పెంచిన డోసు మొత్తం ఒంట్లోకి పోతుంది. ఇది మరీ ప్రమాదం.

మూత రంగు ఒక్కటే నమ్ముకోవద్దు. సిరంజి గొట్టం మీద 40 లేదా 100 అని అచ్చువేసి ఉంటుంది, మందు సీసా మీదా ఉంటుంది. మెడికల్ షాపులోనే రెండూ పక్కపక్కన పట్టుకొని చూడండి. అంకెలు కలవకపోతే తీసుకోవద్దు. కార్ట్రిడ్జ్‌లోకి సిరంజి గుచ్చితే లోపల గాలి చేరి తర్వాతి డోసులూ తప్పుతాయి. అందుకని ఏ సిరంజితోనూ దాన్ని లాగకూడదు. పెన్ను పాడైన రోజుకు ఏంచేయాలో డాక్టరును ముందే అడిగి, దానికి తగ్గ సీసా, సిరంజి ఇంట్లో ఉంచుకోండి.

ఇట్లా ఎక్కువ డోసు పోతే, మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. 15 నిమిషాలకు షుగర్ చూడండి, 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోన్ చేయండి. మిక్స్‌డ్ ఇన్సులిన్ ప్రభావం చాలా గంటలు సాగుతుంది. ఒకసారి షుగర్ పెరిగింది కదా అని ఇంట్లోనే ఉండిపోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కొత్త పెన్ను వచ్చాక, తెల్లగా ఉండే మిక్స్‌డ్ మందును అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేయండి. గట్టిగా ఊపవద్దు. సూది బిగించి 2 యూనిట్లు గాల్లోకి వదిలి, చుక్క కనపడ్డాకే డోసు తిప్పండి. బటన్ పూర్తిగా నొక్కి 10 లెక్కపెట్టాక సూది తీయండి, ముందే తీస్తే మందు బయటికి కారుతుంది. ప్రతిసారీ సూది విప్పేయండి. వదిలేస్తే అందులోంచి గాలి లోపలికి పోతుంది, మందు కారుతుంది.

ప్రశ్న: వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ చలికాలం పొద్దున 87 చూపిస్తే భయమైతది, గంట తర్వాత 97 చూపిస్తది. ఏది నమ్మాలె?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: ఈ క్లిప్పు రక్తాన్ని నేరుగా కొలవదు. 660 నానోమీటర్ల ఎర్ర వెలుగు, 940 దగ్గరి పరారుణ వెలుగు వేలిలోంచి పంపి, ఏది ఎంత మిగిలిందో చూస్తుంది. నాడి కొట్టినప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఈ కిటుకు జపాన్ ఇంజినీరు తకువో అయోయాగిది, 1974 నాటిది. ఆయన చేస్తున్నది గుండె ఎంత రక్తం తోస్తుందో రంగుతో కొలిచే పని. అందులో నాడి అలలు అడ్డొస్తుంటే, ఆ అలలనే కొలతకు వాడుకోవచ్చని గుర్తించారు.

చలికి వేలిలో రక్తం తగ్గితే నాడి అల సన్నబడి అంకె తప్పుతుంది. చేతులు రుద్ది వేడిచేసుకొని, ఐదు నిమిషాలు కూర్చొని, చూపుడువేలికో నడిమివేలికో పెట్టి నిమిషం కదలకుండా ఉండండి. మిషన్ చూపే నాడిని మణికట్టు దగ్గర మీరే లెక్కపెట్టి పోల్చండి. రెండూ కలవకపోతే ఆక్సిజన్ అంకెను కూడా లెక్కలోకి తీసుకోవద్దు. గోళ్లరంగు తుడిచేయండి, నల్లగా పండిన మైదాకు ఉంటే వేరే వేలు చూడండి. ఇంత చేశాకా 94 కన్నా తక్కువే ఉంటే డాక్టరుకు చెప్పండి. 90 లోపు అయితే ఆసుపత్రికే. పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు మాత్రం డాక్టరు చెప్పిన అంకే లెక్క.

చలికాలమన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకున్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో చేరితే ఈ క్లిప్పు దాన్ని ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చినా 98 చూపగలదు. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే అంకె చూడవద్దు, బయటి గాలిలోకి తీసుకుపోయి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మార్కెట్‌ల పత్తి దూది నడుమ పని. దమ్ముకు పంపు కొట్టుకుంటే గొంతుకే తగులుతుంది, లోపలికి పోతలేదు.
– ఒక పాఠకుడు, ఏనుమాముల

జవాబు: పంపులోంచి మందు చాలా వేగంగా వస్తుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే ఎక్కువ భాగం గొంతుకే అంటుకుంటుంది. పంపుకూ నోటికీ మధ్య పెట్టుకునే బోలు గొట్టం, స్పేసర్, కొనుక్కోండి. పంపు బాగా ఊపి, స్పేసర్‌కు తగిలించి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒక్క పఫ్ నొక్కి నిదానంగా పీల్చి 10 సెకన్లు బిగబట్టండి. రెండోది అర నిమిషం ఆగి. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు గోడలకు అంటుకొని వృథా అవుతుంది. కొత్త స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి గుడ్డతో తుడవకుండా ఆరబెట్టండి. తుడిస్తే పుట్టే విద్యుదావేశం మందును గోడకు లాగేస్తుంది. స్టెరాయిడ్ పంపు అయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయండి.

కొనే స్తోమత లేకుంటే అర లీటరు ప్లాస్టిక్ సీసా పనికొస్తుంది. అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతినుంచి పీల్చాలి. దక్షిణాఫ్రికాలో ఆస్తమా పిల్లలపై చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఇట్లాంటి సీసా, కొన్న స్పేసర్‌తో సమానంగానే పనిచేసింది.

ప్రశ్న: ఇంట్ల అవ్వకు సెలైన్ ఎక్కిస్తున్నరు. నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలె?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఎన్ని గంటల్లో ఎక్కాలో డాక్టరు చెప్పాలి. మామూలు సెలైన్ పైపు సెట్‌కు చాలావరకు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెట్ కవరు మీద రాసి ఉంటుంది, చూడండి. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. చిన్న చుక్కల సెట్‌కు 60 చుక్కలు ఒక మిల్లీలీటరు, అందులో 125.

చెయ్యి మడిచినా, సీసా కిందికి దిగినా వేగం తగ్గుతుంది. ఆలస్యమైందని పైపు మీది చక్రం తిప్పి వేగం పెంచవద్దు. ముసలివాళ్ల గుండె ఆ నీటిని తట్టుకోలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. సూది చుట్టూ ఉబ్బి చల్లగా అనిపిస్తే సెలైన్ నరం బయట కారుతున్నట్టే. చక్రం మూసేసి నర్సును పిలవండి.