గంగా డాల్ఫిన్ నీళ్లలోనే ఉంటుంది కదా, వలలో పడితే ఎందుకు చనిపోతుంది?

ఊపిరాడక చనిపోతుంది. గంగా డాల్ఫిన్ చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే క్షీరదం. గాలి కోసం మాటిమాటికీ నీటిపైకి రావాల్సిందే. వలలో చిక్కి రాలేకపోతే అంతే.

మరి వలను ముందే గుర్తుపట్టలేదా? దాని కళ్లలో కటకం ఉండదు. వెలుతురు, చీకటి తేడా తెలుస్తుందేమో గానీ ఆకారాలు కనబడవు. అందుకే బురద నీటిలో శబ్దాలు చేస్తూ, తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే దారీ తిండీ వెతుక్కుంటుంది. సన్నటి నైలాన్ దారం నుంచి ఆ ప్రతిధ్వని గట్టిగా రాదు. పైగా చేపలు ఎక్కడుంటే జాలర్లు అక్కడే వల వేస్తారు, డాల్ఫిన్ కూడా అక్కడికే వస్తుంది.

చైనాలోని యాంగ్జీ నది డాల్ఫిన్ 'బైజీ'ని చూడండి. గాలాలు, వలలు, ఓడల రద్దీ, కాలుష్యం కలిసి దెబ్బతీశాయి. 2006లో ఆరు వారాలు అది ఉండే నదీభాగమంతా గాలించినా ఒక్కటీ కనబడలేదు.

వేట ఆపితే చాలని చాలామంది అనుకుంటారు. మన దేశంలో గంగా డాల్ఫిన్ వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎప్పటినుంచో నేరమే. 2009లో జాతీయ జలచరంగా కూడా ప్రకటించారు. కానీ పొరపాటున వలలో పడేదాన్ని వేట నిషేధం ఎలా ఆపుతుంది? గంగపై కట్టిన ఫరక్కా లాంటి బ్యారేజీలు నదిని ముక్కలు చేయడం మరో సమస్య.