చివర్లో ‘కోటా నిండింది’ అన్నారా? ఇలా అడగండి
డబ్బుగా మార్చుకునే పాయింట్లిచ్చే ఆన్‌లైన్ సర్వే ప్యానెల్‌లో 20 నిమిషాల సర్వే నింపాక ‘కోటా నిండింది’ (మీలాంటివాళ్లు కావాల్సినంత మంది వచ్చేశారు) అని చూపించి, పాయింట్లు వేయలేదని ఒక పాఠకుడు అడిగారు. అర్హత, కోటా చూడాల్సింది మొదటి కొన్ని ప్రశ్నల్లోనే. జవాబులన్నీ రాబట్టుకున్నాక తేల్చడం అన్యాయమే. ఆ చివరి పేజీ లింకులో సాధారణంగా మీ రెస్పాండెంట్ ఐడీ, స్టేటస్ కోడ్ ఉంటాయి. ట్యాబ్ మూసేసినా బ్రౌజర్ హిస్టరీలో దొరుకుతుంది. ఆ లింకు, సర్వే నంబరు, మొదలుపెట్టిన, ముగిసిన సమయాలు రాసి ప్యానెల్ సపోర్ట్‌కు మెయిల్ పెట్టండి. స్క్రీన్అవుటా (అర్హత లేదని తీసేయడం), కోటానా, క్వాలిటీనా (జవాబుల మీద అనుమానం), ఏ కారణం నమోదైందో సూటిగా అడగండి. ‘క్వాలిటీ’ అంటే మాత్రం వీపీఎన్ ఆన్‌లో ఉందా, ఇంట్లో ఇంకొకరు అదే వైఫై మీద అదే సర్వే చేశారా చూసుకోండి. పలక్కపోతే, ఆ కంపెనీ ఎసోమార్ (మార్కెట్ పరిశోధన రంగపు అంతర్జాతీయ సంఘం) సభ్యత్వం ఉన్నదైతే ఎసోమార్‌కే ఫిర్యాదు చేయొచ్చు. ఈలోగా ఖాతాలో ఉన్న పాయింట్లు కనీస మొత్తం దాటగానే తీసేసుకోండి, పోగెయ్యొద్దు.