విజయనగరంలో కుటుంబాలు వచ్చే స్పోర్ట్స్ రెస్టారెంట్ నడుస్తుందా? మధురవాడ అనుభవంతో నా జవాబు

నడుస్తుందండీ. బార్ లేకుండానే నడుస్తుంది. మీరు అడిగినవి మూడు: విజయనగరంలో పిల్లాపాపలతో వచ్చి కూర్చునే స్పోర్ట్స్ థీమ్ రెస్టారెంట్‌కి ఎన్ని స్క్రీన్లు కావాలి, మందు అమ్మకపోతే గిట్టుబాటు అవుతుందా, ఐపీఎల్ మొదలయ్యేలోగా తెరవడం మంచిదా. విశాఖలో, మధురవాడ స్టేడియానికి దగ్గర్లో, నేనూ మా మరిదీ కలిసి ఇలాంటిదే కొన్నేళ్లుగా నడుపుతున్నాం. వంటగది అతను చూసుకుంటాడు, హాలూ లెక్కలూ నేను చూస్తాను. నాకు తెలిసినంతా రాస్తాను.

మీ ప్రశ్న అంతా స్క్రీన్ల చుట్టూ తిరిగింది కాబట్టి ముందు ఒక మాట. ఏడాది పొడవునా మా అద్దె కట్టేది ఆట చూడటానికి వచ్చేవాళ్లు కారు. ఆడేవాళ్లు, ముఖ్యంగా ఆడే పిల్లల అమ్మానాన్నలు. ఐపీఎల్ రెండు నెలల ముచ్చట. ఇండియా మ్యాచ్ ఉన్న ఆదివారాలు ఏడాదికి ఎన్ని వస్తాయి? మిగతా రోజుల్లో మీ స్క్రీన్ మీద పాత మ్యాచ్ ముఖ్యాంశాలు తిరుగుతుంటే వాటి కోసం ఎవరూ చెప్పులేసుకుని రారు. కానీ బ్యాడ్మింటన్ కోర్టుకి, ఈత కొలనుకి, క్రికెట్ నెట్స్‌కి పిల్లల్ని దింపడానికి తెల్లవారుజామునే వచ్చే తల్లిదండ్రులు వారానికి ఆరు రోజులు వస్తారు. దింపాక గంటన్నర ఏం చేయాలో తెలియక కార్లోనో, స్కూటర్ మీదో కూర్చుని ఉంటారు. మా హోటల్ నిలదొక్కుకున్నది వాళ్ల వల్లే.

వాళ్ల కోసం మేం ఆరింటికల్లా షట్టర్ తీస్తాం. ఫిల్టర్ కాఫీ, ఇడ్లీ, పెసరట్టు, రాగి జావ, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు. అంతకంటే పెద్ద మెనూ పొద్దున్నే పెట్టకండి. ప్రాక్టీసు అయిన పిల్లలు చెమటలు కక్కుతూ, ఆకలితో నకనకలాడుతూ వస్తారు, ఎనిమిదికి బడి బస్సు ఉంటుంది. కూర్చున్న అయిదు నిమిషాల్లో ప్లేటు ముందుకు రావాలి. అది ఒకటి చేయగలిగితే ఆ కుటుంబం మీది. ఆ పిల్ల పుట్టినరోజు మీ దగ్గరే చేస్తారు, కప్పు గెలిస్తే జట్టు మొత్తాన్ని తీసుకొస్తారు, ఊరి నుంచి అమ్మమ్మా తాతయ్యా వస్తే ఆదివారం భోజనానికి మీ దగ్గరికే వస్తారు. మాకు పుట్టినరోజు బుకింగులు చాలావరకు అలా వచ్చినవే, బోర్డు చూసి వచ్చినవి తక్కువ.

అందుకే స్థలం చూసేటప్పుడు మెయిన్ రోడ్డు మీద మోజు పెట్టుకోకండి. మీ ఊళ్లో విజ్జీ స్టేడియం చుట్టుపక్కల గానీ, షటిల్ కోర్టులూ బాక్స్ క్రికెట్ టర్ఫులూ ఉన్న వీధుల్లో గానీ వెతకండి. ఉదయం ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి అక్కడ నిలబడి ఎన్ని బళ్లు ఆగుతున్నాయో లెక్కపెట్టండి. అద్దె మీరు అనుకుంటున్న నెల అమ్మకంలో పది పదిహేను శాతం దాటేలా ఉంటే ఆ స్థలం ఎంత బాగున్నా వదిలేయండి. కారు పెట్టుకునే చోటు లేకపోయినా వదిలేయండి. చంటిపిల్లని ఎత్తుకుని ఫర్లాంగు దూరం నుంచి ఎవరు నడిచొస్తారు?

ఇక గోడల సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. స్పోర్ట్స్ థీమ్ అనగానే ఇంటీరియర్ వాళ్లు ధోనీ, కోహ్లీ, మెస్సీ బొమ్మలున్న డిజైన్లే తెస్తారు. అవి ఏ ఊళ్లోనైనా ఉంటాయి. పైగా ఇప్పుడు పేరున్న ఆటగాళ్లు తమ పేరూ బొమ్మా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడితే కోర్టుకెళ్తున్నారు, జట్టు లోగోలకు ట్రేడ్‌మార్కులు ఉంటాయి. బోర్డు మీద, మెనూ కార్డు మీద వాటి జోలికి పోకండి.

మీది విజయనగరం అండీ, మీకు ఆ అవసరమే లేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో వెయిట్‌లిఫ్టింగ్ రజతం అందుకున్న మత్స సంతోషిది మీ జిల్లాలోని కొండవెలగాడ. ఆ ఊళ్లో పిల్లలు బరువులెత్తుతూనే పెరుగుతారు. పక్క జిల్లాకి వెళ్తే ఊసవానిపేట. అక్కడి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యింది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ పెద్దవాళ్ల నోట్లో ఉంటుంది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి నాయకుడు మీ విజ్జీ, అంటే విజయనగరం మహరాజకుమారుడు. మరే ఊరికీ లేని థీమ్ మీ చేతిలో ఉంది. వ్యాయామశాలల్లో మూలన పడి ఉన్న పాత ఇనుప బార్లూ చక్రాలూ అడిగి తెచ్చి గోడకి బిగించండి. చిన్నపిల్లల చేతికి అందని ఎత్తులో, కదలకుండా, వెల్డింగ్ చేయించి మరీ బిగించండి. కొండవెలగాడ వెళ్లి, శిక్షణ ఇచ్చే పెద్దలతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకుంటేనే పాత ఫొటోలకి కాపీలు తీయించుకోండి. తెరిచే రోజు రిబ్బన్ కత్తిరించడానికి వాళ్లనే పిలవండి.

మా దగ్గర ఒక గోడ మొత్తం చుట్టుపక్కల అకాడమీల పిల్లలది. జిల్లా స్థాయిలో ఆడినవాళ్లు, మొదటిసారి ఫైనల్‌కి చేరినవాళ్లు, ఓడి వచ్చినా బాగా ఆడారని కోచ్ చెప్పినవాళ్లు. నెలనెలా ఫొటోలు మారుస్తాం. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఒక్క ఫొటో పెట్టం, ఇంటిపేరూ బడిపేరూ రాయం. గెలిచిన కప్పులు ఇంట్లో దుమ్ము పడుతుంటాయి కదా, కొన్నాళ్లు మా అద్దాల బీరువాలో పెట్టమని వాళ్లే తెచ్చి ఇస్తారు. ఆ కప్పు చూపించడానికి మేనత్తలూ బాబాయిలూ అందరూ వస్తారు.

స్క్రీన్లు ఎన్ని అంటారా? రెండు చాలు, రెండూ ఒకే హాల్లో. హాలుని రెండుగా విడగొట్టండి. ఒకటి మ్యాచ్ హాలు, రెండోది స్క్రీన్ లేని హాలు. కుటుంబాల్లో అందరికీ క్రికెట్ పిచ్చి ఉండదు. పెళ్లిచూపుల తర్వాత రెండు కుటుంబాలు మాట్లాడుకోవడానికి వస్తాయి, చెవి సరిగా వినిపించని పెద్దాయన వస్తాడు, నిద్రపోయే పసిబిడ్డ ఉంటుంది. వాళ్లకి ఆ రెండో హాలే మీ హోటల్. టైల్సూ అద్దాలూ ఎక్కువైతే చప్పుడు తిరిగి కొడుతుంది. పైకప్పుకి శబ్దం పీల్చే షీట్లు వేయించండి, దాని మీద పెట్టిన ఖర్చు ఎక్కడికీ పోదు.

మీ ఇంటి ఓటీటీ అకౌంటు తెచ్చి హోటల్లో పెట్టకండి. అవి సొంత వాడకానికే ఇస్తారు, షరతుల్లోనే రాసి ఉంటుంది. కేబుల్ ఆపరేటర్ దగ్గరో డీటీహెచ్ దగ్గరో వ్యాపార కనెక్షన్ అని చెప్పి తీసుకుని, కాగితం దాచుకోండి. పాటలు వేసేటట్టయితే వాటి లైసెన్సు వేరు.

మ్యాచ్ రోజు వంటగది నడక మామూలు రోజులా ఉండదు. ఏడున్నరకి మొదలైన మ్యాచ్‌కి ఏడింటికే వచ్చి కూర్చుంటారు, పదకొండు దాటాక గానీ లేవరు. అంటే రాత్రంతటికీ ఒక టేబుల్‌కి ఒకటే బిల్లు. దీనికి విరుగుడుగా ఇంతకు తక్కువ ఆర్డర్ కుదరదని బోర్డు పెట్టేవాళ్లున్నారు. కుటుంబాలకి అది చిన్నతనంగా అనిపిస్తుంది, నేను పెట్టను. మేం రెండు విడతల సెట్టు పెట్టాం. మొదటి ఇన్నింగ్స్‌లో నంజుకునేవి: మిరపకాయ బజ్జీ, మొక్కజొన్న గింజల వేపుడు, చికెన్ పకోడీ, అపోలో ఫిష్. రెండో ఇన్నింగ్స్‌కి భోజనం: కోడి పలావు, లేదా జీడిపప్పు పలావు, పెరుగు చట్నీ. ముందే ఒక ధర చెబుతాం. టేబుల్ నాలుగు గంటలు ఉన్నా మాకు నష్టం లేదు, ఎంత అవుతుందో అని వాళ్లకీ బెంగ ఉండదు.

అసలు గండం ఇన్నింగ్స్ మధ్య ఇరవై నిమిషాల విరామం. హాలంతా ఒకేసారి ఆర్డర్ చెబుతుంది. పదహారో ఓవర్ పడుతుండగానే మా సప్లయర్లు టేబుల్ టేబుల్‌కీ వెళ్లి రెండో విడత ఏం కావాలో రాసుకొచ్చేస్తారు. ఆ ఓవర్లు ముగిసేలోగా పలావు దమ్ము దిగిపోవాలి. ఇది కుదిరితే మ్యాచ్ రాత్రి హాయిగా గడుస్తుంది, కుదరకపోతే ఇరవై టేబుళ్ల వాళ్లూ కౌంటర్ దగ్గరే నిలబడతారు.

ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పనిది. బెట్టింగ్. మూలటేబుల్లో ముగ్గురు నలుగురు, తలా రెండు ఫోన్లు, గంటల తరబడి టీ తప్ప ఏమీ తాగరు, బంతి బంతికీ ఎవరికో ఫోన్ చేస్తారు. మొదటి రోజే గుర్తుపట్టి, మర్యాదగా, గట్టిగా పంపేయండి. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 పందేలు కాసేవాళ్లతో ఆగదు, చోటిచ్చిన యజమానినీ పట్టుకుంటుంది. చట్టం మాట అటుంచినా, వాళ్ల బూతులు పక్క టేబుల్లో పదేళ్ల పాప వింటుంది. ఆ తండ్రి మీతో ఏమీ అనడు, మళ్లీ రాడు, అంతే.

బార్ విషయంలోనూ నా లెక్క ఇదే. మందు మీద లాభం ఉంటుంది, కాదనను. కానీ మందు మొదలైన హాల్లోకి ఉదయం ఇడ్లీకి వచ్చే తల్లి సాయంత్రం కూతుర్ని తీసుకురాదు. మీరు కట్టుకున్న పరిచయం అంతా పోతుంది. సుగంధి సోడా, నిమ్మ సోడా, మసాలా మజ్జిగ, చెరకు రసం, వీటి మీద మిగులు బాగానే ఉంటుంది. చల్లగా, శుభ్రమైన గ్లాసులో, అడిగిన వెంటనే ఇవ్వండి. ఆడవాళ్ల టాయిలెట్ గంటకోసారి కడిగించండి. మగవాళ్లు హోటల్ పేరు చెబుతారు, ఆడవాళ్లు వెళ్దామో వద్దో తేలుస్తారు.

ఆడపిల్లల ఆటల్ని కూడా అదే పెద్ద స్క్రీన్ మీద, అదే సౌండుతో వేయండి. ఇది నేను మనసు పెట్టి చెబుతున్న మాట. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు మా స్టేడియంలోనే జరిగాయి. ఇక్కడ మనవాళ్లు దక్షిణాఫ్రికా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో వరసగా ఓడారు. ఆ రెండు రాత్రులూ మా హోటల్‌కి వచ్చిన అకాడమీ అమ్మాయిలు తల దించుకుని తిని వెళ్లారు. నవంబరు 2న నవీ ముంబయిలో ఫైనల్ ఆదివారం వచ్చింది. వాన వల్ల ఆలస్యంగా మొదలైంది. అమ్మాయిలు జెర్సీలు వేసుకుని, కోచ్‌లతో, అమ్మలతో, నాయనమ్మలతో వచ్చేశారు. శ్రీచరణి బౌలింగ్‌కి వచ్చిన ప్రతిసారీ "మన కడప అమ్మాయి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. 52 పరుగులతో గెలిచేసరికి అర్ధరాత్రి అయ్యింది. వంటగది అప్పటికే కట్టేశాం, ఒక్కరినీ లేవమనలేదు. ఆ తర్వాతి వారాల్లో క్రికెట్‌లో చేర్పించాలంటే ఎవర్ని అడగాలని ఆడపిల్లల తండ్రులు మా కౌంటర్‌కి వచ్చి అడిగారు. చుట్టుపక్కల కోచ్‌ల నంబర్లు రాసిన కాగితం అప్పటినుంచీ బిల్లింగ్ దగ్గరే ఉంచుతున్నాను. మీరూ ఉంచండి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, మునిసిపల్ ట్రేడ్ లైసెన్సు, ఫైర్ అనుమతి, షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, జీఎస్టీ. మామూలు రెస్టారెంట్‌కి జీఎస్టీ అయిదు శాతం, కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ఆ లెక్క ధరలు వేసేటప్పుడే కలుపుకోండి. సర్వీస్ ఛార్జీ బిల్లులో తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, అసలు ఆ ఆలోచనే పెట్టుకోకండి. మ్యాచ్ రాత్రుళ్లు ఎంతవరకు తెరిచి ఉంచవచ్చో మీ పోలీస్ స్టేషన్లో ముందే కనుక్కోండి.

ఐపీఎల్‌కి తెరవాలా అన్నారు. వద్దు. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర్లో, చప్పుడు లేకుండా తెరవండి. రెండు నెలలు పొద్దుటి టిఫిన్లూ రాత్రి భోజనాలూ చేస్తూ ఉంటే మాస్టర్ల చెయ్యి కుదురుతుంది, సప్లయర్లకి టేబుళ్లు అలవాటవుతాయి, మార్చి చివర్లో మొదటి మ్యాచ్ వచ్చేసరికి మీ హాల్లో తెలిసిన ముఖాలు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో వేసవి శిక్షణ శిబిరాలు నడుస్తాయి కాబట్టి ఉదయం గిరాకీ కూడా అప్పుడే పెరుగుతుంది. జూన్‌లో బళ్లు తెరిచాక రెండు నెలలు పల్చబడుతుంది. ఆ రెండు నెలల జీతాలకు సరిపడా డబ్బు మే నెలలోనే పక్కన పెట్టేయండి.

మీరు చూస్తున్న స్థలం కొలతలూ, దగ్గర్లో ఏ ఆటల శిక్షణ జరుగుతుందో రాయండి. హాలు ఎక్కడ విడగొట్టాలో, వంటగది గుమ్మం ఎటు ఉంటే మేలో మా మరిదిని కూడా అడిగి చెబుతాను.